కిలోబైటుకు రెండు విలువలు

ఒక టెరాబైట్ అని ముద్రించి అమ్మే హార్డ్ డిస్కును విండోస్ నడిచే కంప్యూటరుకు తగిలిస్తే తెర మీద 931 గిగాబైట్లు మాత్రమే కనిపిస్తాయి. తయారీదారు కొలతలో మోసం చేయలేదు, కంప్యూటరూ లెక్క తప్పలేదు. డిస్కు మీద లక్ష కోట్ల బైట్లకు చోటున్న మాట ఎంత నిజమో, ఆ లక్ష కోట్లను 1,07,37,41,824తో భాగిస్తే 931 పైచిలుకు వస్తుందన్న మాటా అంతే నిజం. గిగాబైట్ అనే ఒకే పేరును ఇద్దరు రెండు విలువలకు వాడటంలోనే చిక్కంతా ఉంది. కంప్యూటరుకు సున్నా, ఒకటి తప్ప వేరే అంకెలు తెలియవు కనుక అది పదుల్లో లెక్కించలేదని ఇందుకు సాధారణంగా చెప్పే సమాధానం సగం కూడా సరికాదు, ఎందుకంటే తొలి తరం కంప్యూటర్లలో పేరుపొందినవి కొన్ని పదుల్లోనే లెక్కించాయి. ఈ గందరగోళం మూలాలు వృత్తుల చరిత్రలో ఉన్నాయి. తీగల మీద సందేశాలు పంపినవారు, మెమరీ కట్టినవారు, అయస్కాంతపు పూత పూసిన పళ్లేల మీద సమాచారం దాచినవారు ఎవరి అవసరం కొద్దీ వారు లెక్క కట్టుకొని, చివరికి ఒకే పెట్టెలో కలుసుకున్నారు.

ఈ మూడు వృత్తుల్లోనూ తంతి వృత్తి వయసులో పెద్దది. ఫ్రాన్స్ తంతి శాఖలో పనిచేసిన ఎమిల్ బోడో 1874లో పేటెంట్ పొందిన పద్ధతిలో ప్రతి అక్షరానికీ అయిదు సంకేతాలు ఉండేవి. ఒక్కొక్క సంకేతానికి రెండు స్థితులే సాధ్యం కనుక అయిదింటితో 32 కూర్పులు వచ్చేవి. సంకేతాల వేగానికి తరువాతి కాలంలో ఆయన పేరు మీదుగానే బాడ్ అనే ప్రమాణం ఏర్పడింది. అయితే బాడ్ లెక్కించేది తీగ మీది సంకేతం సెకనుకు ఎన్నిసార్లు మారగలదన్న దానినే తప్ప, ఆ మార్పుల్లో ఎంత సమాచారం ఇమిడి ఉందన్నదాన్ని కాదు. ఒక్క మార్పులోనే నాలుగు బిట్లను ఇమిడ్చగల మోడెములు వచ్చాక ఈ తేడా ముఖ్యమైంది: అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం తయారైన సెకనుకు 2,400 బిట్ల మోడెములో సంకేతం మారేది 600 సార్లే, కాబట్టి అది నిజానికి 600 బాడ్ పరికరం. దాన్ని 2,400 బాడ్ మోడెమ్ అని పిలిచే అలవాటు మాత్రం వ్యాపారంలోనూ, వాడుకలోనూ చాలాకాలం పోలేదు.

సమాచారాన్నే కొలవాలన్న ఆలోచన అమెరికాలోని బెల్ టెలిఫోన్ పరిశోధకుల నుంచి వచ్చింది. ఒక సందేశంలోని సమాచారాన్ని సాధ్యమైన ఎంపికల సంఖ్యకు లాగరిథమ్‌గా లెక్కించాలని రాల్ఫ్ హార్ట్‌లీ 1928లో ప్రతిపాదించాడు. అదే సంస్థలో పనిచేసిన క్లాడ్ షానన్ 1948 జులై, అక్టోబరు సంచికల్లో అచ్చయిన తన సుప్రసిద్ధ వ్యాసంలో ఆ లాగరిథమ్‌ను రెండు ఆధారంగా తీసుకొని, వచ్చిన ప్రమాణాన్ని బిట్ అన్నాడు. ఆ పేరు సూచించినవాడు గణాంక శాస్త్రవేత్త జాన్ టూకీ అని అదే వ్యాసంలో షానన్ స్పష్టంగా చెప్పాడు. బిట్ అంటే రెండు సమాన సంభావ్యతల్లో ఏది జరిగిందో తేల్చే సమాచారం. ప్రమాణం రెండు మీద ఆధారపడినా, బిట్లను లెక్కించేటప్పుడు మాత్రం ప్రసార ఇంజనీర్లు ఎన్నడూ వెయ్యిని వదలలేదు. కిలోహెర్ట్జ్ అంటే సెకనుకు వెయ్యి కంపనాలని పాటించే వృత్తిలో కిలోబిట్ అంటే వెయ్యి బిట్లు కాకుండా మరొకటి కావడానికి కారణమే లేదు.

బైట్ ఇంత శాస్త్రీయంగా పుట్టలేదు. ఐబీఎమ్ సంస్థ స్ట్రెచ్ అనే భారీ కంప్యూటరును రూపొందిస్తున్న రోజుల్లో, ఒక అక్షరానికి సరిపడే బిట్ల గుంపును సూచించడానికి ఇంజనీరు వెర్నర్ బుహోల్జ్ 1956లో ఈ పేరు పెట్టాడు. బిట్‌తో పొరపాటు పడకుండా ఉండేందుకు దాని వర్ణక్రమాన్ని కావాలనే మార్చాడు. అప్పటి బైటుకు నిలకడైన పరిమాణం లేదు. ఒకటి నుంచి ఆరు బిట్ల వరకూ ఉండవచ్చని మొదట అనుకున్నారు, తరువాత ఎనిమిది వరకూ పెంచారు. 36 బిట్ల పదాలతో పనిచేసే పీడీపీ-10 వంటి యంత్రాల్లో ప్రోగ్రాము రాసేవాడు తన బైటు ఎన్ని బిట్లదో తానే నిర్ణయించుకునేవాడు. 1964 ఏప్రిల్ 7న ఐబీఎమ్ ప్రకటించిన సిస్టమ్/360 కుటుంబంలో బైటును ఎనిమిది బిట్లుగా స్థిరపరచారు, ఆ యంత్రాల వ్యాపార విజయమే ఎనిమిదిని లోకానికి అలవాటు చేసింది. నెట్‌వర్క్ ప్రమాణాలు రాసినవారు మాత్రం పాత అస్థిరతను మరచిపోక, ఎనిమిది బిట్ల గుంపుకు ఆక్టెట్ అనే వేరు పేరునే చాలాకాలం వాడుతూ వచ్చారు. అది చాదస్తంగా కనిపించవచ్చు గాని, ఈ చరిత్రలో జాగ్రత్తగా ఉన్న కొద్దిమందిలో వారు ఉన్నారు.

ఇక కిలో సంగతి. మాట ముందు చేరి దాని విలువను వెయ్యి రెట్లు చేసే ఈ ఉపసర్గ ఫ్రెంచి విప్లవ కాలంలో, 1795లో, మెట్రిక్ కొలతలతోపాటు పుట్టింది. మెగా, గిగా, టెరాలు 1960లో అంతర్జాతీయ ప్రమాణ వ్యవస్థలో చేరాయి. కంప్యూటర్ల లోకంలోకి కిలో వచ్చినప్పుడు దాని అర్థం మొదట వెయ్యే. 1959లో వచ్చిన ఐబీఎమ్ 1401 మెమరీలోని గదులకు దశాంశ పద్ధతిలోనే చిరునామాలు ఉండేవి కనుక, ఆ యంత్రానికి 4కే మెమరీ అంటే సరిగ్గా నాలుగు వేల అక్షరాలని, 16కే అంటే పదహారు వేలని అర్థం. అదే కాలంలో రెండింటి లెక్కన నడిచే యంత్రాల పరిస్థితి వేరు. మెమరీలో ఒక గదిని ఎంచుకోవడానికి చిరునామా తీగలు కావాలి. ప్రతి తీగకూ రెండు స్థితులే కనుక పది తీగలతో 1,024 గదులను వేరుచేసి గుర్తించవచ్చు. అటువంటి చోట వెయ్యి గదులే కట్టి ఆగిపోతే 24 చిరునామాలు ఏ గదికీ చెందకుండా మిగిలిపోతాయి, కాబట్టి ఏ ఇంజనీరూ వెయ్యి దగ్గర ఆగడు. మెమరీ పరిమాణాలు 4,096, 32,768, 65,536 వంటి అంకెలుగా రావడానికి కారణం ఇదే. 1970లో ఇంటెల్ అమ్మకానికి పెట్టిన 1103 అనే మెమరీ చిప్‌లోనూ 1,024 బిట్లు ఉండేవి, దాన్ని 1కే చిప్ అన్నారు.

ఈ బండ అంకెలను క్లుప్తంగా ఎలా చెప్పాలన్న చోటే దారులు చీలాయి. 65,536ను కొందరు వెయ్యితో భాగించి 65కే అన్నారు, కొందరు 1,024తో భాగించి 64కే అన్నారు. కంట్రోల్ డేటా సంస్థ తన 6600 యంత్రంలోని 1,31,072 పదాల మెమరీని 131కే అని చెప్పుకుంటే, సిస్టమ్/360 నిర్మాణాన్ని వివరిస్తూ జీన్ ఆమ్‌డాల్, గెరిట్ బ్లావ్, ఫ్రెడ్ బ్రూక్స్ 1964లో రాసిన వ్యాసం కే అంటే 1,024 అని పేర్కొంది. రెండో పద్ధతిలో అంకెలు గుండ్రంగా 32, 64, 128, 256 అని వస్తాయి, రెట్టింపు చేస్తూ పోతే చిల్లర మిగలదు. అది గెలవడానికి ఆ సౌకర్యమే చాలింది. వెయ్యికీ 1,024కూ ఉన్న తేడా వందకు 2.4 మాత్రమే కావడం వల్ల అది ఎవరినీ పెద్దగా బాధించలేదు.

బాధపడినవారూ లేకపోలేదు. 1968లో కంప్యూటర్ వృత్తి నిపుణుల ప్రముఖ పత్రిక అయిన కమ్యూనికేషన్స్ ఆఫ్ ది ఏసీఎమ్‌లో ఈ విషయం మీద ఆసక్తికరమైన ఉత్తరాలు అచ్చయ్యాయి. 1,024ను సూచించడానికి కప్పా అనే గ్రీకు అక్షరం వాడాలని డొనాల్డ్ మారిసన్ సూచించాడు. అంతకన్నా కే ముందు చిన్న బి చేర్చడం మేలని వాలెస్ గివెన్స్ బదులిచ్చాడు. అసలు ఉపసర్గలనే వదిలేసి రెండు ఘాతాంకాన్ని నేరుగా రాసే పద్ధతి కావాలని బ్రూస్ మార్టిన్ వాదించాడు. మూడింటిలో ఏ ఒక్కటి నిలిచినా తరువాతి అర్ధశతాబ్దపు రభస తప్పేది. కాని అప్పటికి మెమరీలు వేలల్లోనే ఉన్నాయి, గందరగోళం చిన్నది, పరిష్కారం అంతకంటే పెద్ద శ్రమగా కనిపించింది.

డిస్కుల కథకు ఆరంభం మరోచోట. 1956లో ఐబీఎమ్ ప్రవేశపెట్టిన రామాక్ యంత్రంలోని తొలి వాణిజ్య డిస్కు పరికరంలో 24 అంగుళాల వ్యాసం గల పళ్లేలు యాభై ఉండేవి, వాటి మీద ఆరు బిట్ల అక్షరాలు 50 లక్షలు పట్టేవి. నేటి ఎనిమిది బిట్ల బైటులోకి మారిస్తే అది 37.5 లక్షల బైట్లు. డిస్కులో చోటు ఎంతన్నది పళ్లేల సంఖ్య, ఒక్కొక్క దాని మీద గీసిన ట్రాకులనే వలయాల సంఖ్య, ప్రతి ట్రాకునూ కోసిన సెక్టార్లనే ముక్కల సంఖ్య, ఒక్కొక్క ముక్కలో పట్టే బైట్ల సంఖ్య గుణించగా వస్తుంది. ఈ అంకెలను నిర్ణయించేవి పళ్లెం వైశాల్యం, చదివే హెడ్ సున్నితత్వం వంటి భౌతిక కారణాలే కనుక గుణించి వచ్చిన మొత్తం రెండు ఘాతం కావలసిన అవసరం ఏమీ లేదు. 1980లో చిన్న కంప్యూటర్ల కోసం వచ్చిన ఎస్‌టీ-506 డిస్కులో నాలుగు హెడ్లు, ఒక్కొక్క హెడ్ కింద 153 ట్రాకులు, ట్రాకుకు 32 సెక్టార్లు, సెక్టారుకు 256 బైట్లు ఉండేవి. మొత్తం 50,13,504 బైట్లు. దాన్ని అయిదు మెగాబైట్లుగా అమ్మారు, మెగా అంటే పది లక్షలు అనే సాధారణ అర్థంలో. డిస్కు తయారీదారులు అంకెను పెంచి చూపడానికి దశాంశ పద్ధతిని తరువాత కనిపెట్టారన్న ప్రచారం వారి పట్ల అన్యాయం. వారు మొదటి నుంచీ అదే పద్ధతిలో ఉన్నారు. ఆ పద్ధతి వారికి లాభించిందన్నది వేరే మాట.

అన్నిటికన్నా విచిత్రం మూడున్నర అంగుళాల ఫ్లాపీది. దాని మీద 1.44 ఎంబీ అని రాసి ఉండేది. రెండు వైపులా ఎనభై చొప్పున ట్రాకులు, ట్రాకుకు 18 సెక్టార్లు, సెక్టారుకు 512 బైట్లు గుణిస్తే 14,74,560 బైట్లు వస్తాయి. దశాంశ పద్ధతిలో ఇది 1.47 మెగాబైట్లు, రెండింటి పద్ధతిలో 1.41, 1.44 మాత్రం ఏ లెక్కకూ అందదు. జరిగిందేమంటే, అంతకుముందు వచ్చిన ఫ్లాపీలో 720 కిలోబైట్లు ఉండేవి, ఇక్కడ కిలో అంటే 1,024. దాన్ని రెట్టింపు చేయగా 1,440 కిలోబైట్లు అయింది. ఆ 1,440ను మెగాలోకి మార్చేటప్పుడు వెయ్యితో భాగించి 1.44 అన్నారు. ఒక మెగాబైటులో ఒక వెయ్యి, ఒక 1,024 కలిసి కూర్చున్నాయి, అంటే దాని విలువ 10,24,000. ఏ శాస్త్రం ఒప్పుకోని ఈ మూడో మెగాబైటు కోట్లాది ఫ్లాపీల మీద అచ్చయి, ఒక తరమంతా దాన్ని ప్రశ్నించకుండా నేర్చుకుంది. తరువాత వచ్చిన కాంతి పళ్లేలూ ఒక మాట మీద నిలబడలేదు: 700 ఎంబీ అనే సీడీలో మెగా రెండింటి లెక్క ప్రకారం ఉంటే, 4.7 జీబీ అనే డీవీడీలో గిగా అంటే సరిగ్గా వంద కోట్లు.

ప్రసార రంగంలో ఇంత గొడవ లేదు గాని, అక్కడి అంకెల రూపం పైపైన చూసేవారిని తప్పుదారి పట్టిస్తుంది. టెలిఫోనులో మాటను అంకెలుగా మార్చేటప్పుడు ధ్వనిని సెకనుకు 8,000 సార్లు కొలిచి, ఒక్కొక్క కొలతను ఎనిమిది బిట్లుగా రాస్తారు; అందువల్ల ఒక సంభాషణకు సెకనుకు 64,000 బిట్లు పడుతుంది. ఇక్కడి 64 చూడటానికి రెండు ఘాతమే అయినా దాని వెంట ఉన్న కిలో నికార్సయిన వెయ్యి. యూరప్ పద్ధతిలో, భారతదేశంలో కూడా, అటువంటి 32 మార్గాలను కలిపి కట్టిన తీగ వేగం సెకనుకు 20,48,000 బిట్లు. దానికే వాడుకలో రెండు ఎంబీ లైన్ అని పేరు. 2004 నాటి భారత ప్రభుత్వ బ్రాడ్‌బ్యాండ్ విధానం కనీస వేగాన్ని సెకనుకు 256 కిలోబిట్లుగా నిర్ణయించడం, 2013లో దాన్ని 512కు పెంచడం కూడా ఈ 64 గుణిజాల నీడలోనే జరిగాయి. 2023లో కనీస వేగం రెండు మెగాబిట్లయింది.

బిట్లను బైట్లలోకి మార్చడానికి ఎనిమిదితో భాగిస్తే చాలునన్న నమ్మకాన్ని కూడా ఈ రంగం తరచుగా వమ్ము చేసింది. పాత మోడెములు ప్రతి ఎనిమిది బిట్ల అక్షరానికీ ముందు ఆరంభ బిట్, వెనుక ముగింపు బిట్ జోడించి పంపేవి కనుక సెకనుకు 2,400 బిట్ల తీగ మీద 240 అక్షరాలే వెళ్లేవి, 300 కాదు. కంప్యూటరులో డిస్కును కలిపే సాటా అనే తీగకూ మరో కారణం చేత ఇదే లెక్క వర్తిస్తుంది: సంకేతం స్పష్టంగా ఉండేందుకు ప్రతి ఎనిమిది బిట్లనూ పది బిట్ల గుర్తుగా మార్చి పంపడం వల్ల, 1.5 గిగాబిట్ల తీగలో సెకనుకు గరిష్ఠంగా వెళ్లేది 15 కోట్ల బైట్లు. పదితో భాగించే చోటు, ఎనిమిదితో భాగించే చోటు ఏవో తెలియాలంటే తీగ లోపలి సంగతి తెలియాలి.

మెమరీలు వేలు దాటి కోట్లకు చేరాక తేడా కూడా పెరిగింది. కిలోలో వందకు 2.4గా ఉన్న అంతరం మెగాలో 4.9, గిగాలో 7.4, టెరాలో దాదాపు 10 అవుతుంది, ఎందుకంటే ఒక్కొక్క మెట్టులోనూ పాత తేడా మళ్లీ గుణించబడుతుంది. అంతర్జాతీయ విద్యుత్ సాంకేతిక సంఘం 1998 డిసెంబరులో ఆమోదించి మరుసటి నెలలో ప్రచురించిన ప్రమాణం దీనికి విరుగుడు. దాని ప్రకారం కిలో, మెగా, గిగాలు వెయ్యి, పది లక్షలు, వంద కోట్లకే పరిమితమవుతాయి; 1,024కు కిబి, దాని వర్గానికి మెబి, ఘనానికి గిబి, ఆపైన టెబి అనే కొత్త ఉపసర్గలు వర్తిస్తాయి. ఈ నిర్ణయం తర్కానికి నిలుస్తుంది, కాని అమలుకు వచ్చేసరికి పాత నాణేల మార్పిడితో పోల్చి చూడదగింది. 1957 ఏప్రిల్ 1న భారతదేశం రూపాయిని పదహారు అణాల, అరవై నాలుగు పైసల లెక్క నుంచి నూరు పైసల లెక్కకు మార్చినప్పుడు కొత్త నాణేన్నే నయాపైసా అన్నారు, పాతదాని పేరు తాకలేదు. జనం అలవాటుపడ్డాక 1964లో ఆ విశేషణాన్ని తొలగించారు. ప్రమాణ సంఘం చేసింది ఇందుకు తలకిందులు: ఇంజనీర్లకు నాలుక మీద ఆడుతున్న పాత అర్థానికి కొత్త పేరు తగిలించి, పాత పేరును వారు ఏనాడో వదిలేసిన అర్థానికి అప్పగించింది. పైగా నాణేలను రద్దుచేసే అధికారం ప్రభుత్వానికి ఉన్నట్టు, ప్రోగ్రాము రాసేవారి అలవాటును రద్దుచేసే అధికారం ఈ సంఘానికి లేదు.

కొత్త పేర్ల వినికిడి నచ్చక, మొదటి అక్షరాన్ని రెండుసార్లు రాసి పెద్ద కిలోబైట్ అని పిలిస్తే చాలునని గణక శాస్త్రవేత్త డొనాల్డ్ కనూత్ సూచించాడు. మెమరీ చిప్పుల ప్రమాణాలు చూసే జెడెక్ సంస్థ తన పత్రాల్లో కిలో, మెగా, గిగాలను రెండింటి అర్థంలోనే కొనసాగించింది. లైనక్స్ ప్రపంచంలో కొందరు కిబి, మెబిలను స్వీకరించారు. ఈలోగా అమెరికాలో కొనుగోలుదారులు కోర్టులకెక్కారు: 80 గిగాబైట్ల డిస్కులో 74 పైచిలుకే కనిపిస్తున్నాయన్న దావాను వెస్టర్న్ డిజిటల్ 2006లో, అటువంటి దావానే సీగేట్ 2007లో రాజీతో ముగించుకున్నాయి. 2020 నాటి ఒక కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టు తీర్పు మాత్రం అమెరికా వాణిజ్యంలో గిగాబైట్‌కు దశాంశ అర్థమే చట్టం ఎంచుకున్నదని చెప్పి దావాను కొట్టివేసింది. ఆపిల్ 2009లో తన మ్యాక్ వ్యవస్థను డిస్కుల విషయంలో దశాంశానికి మార్చింది. విండోస్ మారలేదు, 1,024తో భాగించి, ఫలితాన్ని కిబి అనకుండా కిలో అనే చూపిస్తోంది. డిస్కు తయారీదారులు, ఆపిల్, విండోస్ అనే ముగ్గురిలో ఏదో ఒక అర్థానికి కట్టుబడకుండా, ఒకరి అంకెకు మరొకరి పేరు తగిలించినది అదే కనుక నేటి గందరగోళంలో పెద్ద పాలు దానిదే.

తెలుగు పాఠకులకు ఈ మార్పిడుల్లో వేరే మెలికలు కూడా ఉన్నాయి. 1991లో స్థిరపడిన ఇస్కీ అనే భారతీయ లిపి సంకేత ప్రమాణంలో తెలుగు అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ ఒక్కొక్క బైటే పట్టేది. యూనికోడును దాచడానికి నేడు సర్వత్రా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్కదానికి మూడు బైట్లు పడతాయి. తెలుగు అనే మాటలో మూడు హల్లులు, మూడు గుణింతపు గుర్తులు ఉన్నాయి కనుక అది ఒకప్పుడు ఆరు బైట్లు, ఇప్పుడు పద్దెనిమిది. సెల్‌ఫోను సందేశానికి కేటాయించినది 140 బైట్లు, అంటే 1,120 బిట్లు. ఏడు బిట్ల ఇంగ్లిషు అక్షరాలైతే అందులో 160 పడతాయి, పదహారు బిట్ల యూనికోడులో పంపే తెలుగైతే 70 గుర్తులే. ఒక పుస్తకం ఎన్ని కిలోబైట్లన్నది భాషను బట్టి కూడా మారుతుందన్న మాట.

రెండో మెలిక లిపికి సంబంధించినది. రోమన్ లిపిలో బిట్‌కు చిన్న బి, బైటుకు పెద్ద బి వాడే ఆనవాయితీ ఉంది. ఆ ఒక్క గీత తేడాతో విలువ ఎనిమిది రెట్లు మారుతుంది. తెలుగు లిపిలో పెద్ద అక్షరం, చిన్న అక్షరం అనే భేదం లేదు కనుక ఎంబీ అని రాసినప్పుడు అది మెగాబిట్టో మెగాబైటో తెలుసుకునే దారి లేదు. సెకనుకు వంద మెగాబిట్ల ఇంటర్నెట్ కనెక్షను మీద వంద కోట్ల బైట్ల సినిమా దిగడానికి, దారిలో ఏ నష్టమూ లేదనుకున్నా, ఎనభై సెకన్లు పడుతుంది. వంద ఎంబీ అన్న ప్రకటనను మెగాబైట్లుగా చదివినవారు పది సెకన్లలో దిగాలని ఎదురుచూస్తారు. పత్రికల్లో రాసేవారు, పాఠ్యపుస్తకాలు కూర్చేవారు, సేవలు అమ్మేవారు ఎంబీ, జీబీ అనే పొడి అక్షరాలను వదిలి మెగాబిట్ అనో మెగాబైట్ అనో పూర్తి పేరు రాయాలి. 1,024 తమ ఉద్దేశమైన చోట ఆ అంకెను పక్కనే చూపాలి.